ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు చేయించవలసిన చిన్న మరమ్మతులు: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఒక క్రమం

ఇల్లు అమ్మాలని ఇంట్లో మాట అనుకోగానే మనలో చాలామంది మొదట కబురు పెట్టేది పెయింటరుకు. నేనూ అదే చేశాను. తిరుపతి బైరాగిపట్టెడలో మా నాన్నగారు కట్టించిన ఇంటిని అమ్మవలసి వచ్చినప్పుడు, సెప్టెంబరులో ఇల్లంతా కొత్త రంగు వేయించి, మిద్దె సంగతి తరువాత చూసుకోవచ్చని ఊరుకున్నాను. నవంబరు వానలకు పడమటి గదిలో కప్పు కింద రంగు బుడగలుగా లేచింది. ఇల్లు చూడవచ్చిన పెద్దాయన ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి, ఏమీ అనకుండా పక్క గదిలోకి వెళ్లారు. ఆయన చివరికి చెప్పిన ధరలో ఆ తడిగోడ లెక్క కూడా ఉంది. రంగుకు పెట్టిన ఖర్చు నేను రెండోసారి పెట్టవలసి వచ్చింది. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్న వరుస తప్పితే ఎంత నష్టమో అప్పుడు తెలిసింది కనుక, ఆ వరుసనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర ఇల్లు కొనేవారిలో స్వామి పాదాల చెంత శేషజీవితం గడపాలని వచ్చే పెన్షనర్లు, పిల్లల చదువుల కోసం వచ్చే కుటుంబాలు, కొన్ని పోర్షన్లు అద్దెకు ఇచ్చుకుందామని చూసే చెన్నై, బెంగళూరు వాసులు ఎక్కువ. వీరిలో ఎవరైనా సరే, గోడ రంగు తమకు నచ్చినట్లు మార్చుకోగలమని తెలిసినవారే. వారిని భయపెట్టేది కంటికి కనిపించని లోపం. నీరు ఎక్కడ నిలుస్తుంది, కప్పు ఎక్కడ కారుతుంది, వైర్లు ఎంత పాతవి, చెదలు ఎక్కడ ఉన్నాయి అన్న అనుమానాలకే వారు ధర తగ్గిస్తారు. అందువల్ల అమ్మేవారి డబ్బులో పెద్ద భాగం నీటిని ఆపే పనులకు వెళ్లాలి, అందానికి మిగిలినది చాలు.

లోపాన్ని రంగుతో కప్పిపెట్టడం నష్టమే కాక చట్టరీత్యా కూడా తప్పు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపం కొనేవారు మామూలు శ్రద్ధతో చూసినా కనిపెట్టలేనిదైతే, దాన్ని వారికి చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే. బాగుచేయగలిగినది బాగుచేయించి, చేయించలేనిది చెప్పి అమ్మడమే సరైన పద్ధతి.

ముందుగా కాలం చూసుకోవాలి

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. ఇంటి లోపాలు బయటపడేది ఆ రోజుల్లోనే కాబట్టి, కార్తీకంలో వాన కురుస్తుండగానే ఇల్లంతా తిరిగి చూడాలి. వానలు తెరిపి ఇచ్చాక, ధనుర్మాసంలో మరమ్మతులు చేయించాలి. ఆ నెలలో ఇళ్ల బేరాలు ఎలాగూ ముందుకు సాగవు. సంక్రాంతి దాటాక రంగులు వేయించి, మాఘమాసంలో ఇల్లు చూపించడం మొదలుపెడితే పని, ముహూర్తం రెండూ కలిసివస్తాయి. చిత్తూరు వైపు ఆషాఢంతోపాటు తమిళుల ఆడి నెలను కూడా పాటించే కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, వేసవి దాటేలోగా బేరం తేలకపోతే శ్రావణం దాకా ఆగవలసి రావచ్చు.

నోటుపుస్తకంతో ఇల్లు చుట్టి రావడం

ఒక నోటుపుస్తకం, టార్చిలైటు, ఒక నాణెం తీసుకుని వీధి గేటు దగ్గర మొదలుపెట్టండి. మీ ఇంటిని మీరు ఏళ్ల తరబడి చూసి అలవాటు పడ్డారు కాబట్టి, వీలైతే ఈ ఇంట్లో ఎప్పుడూ ఉండని బంధువును ఒకరిని వెంట పెట్టుకోండి. ప్రతి గదిలో కప్పు నాలుగు మూలలు, కిటికీ కింది భాగం, బాత్రూముకు అవతలి వైపు గోడ, నేలకు మూడడుగుల ఎత్తు వరకు ఉన్న గోడ తప్పనిసరిగా చూడాలి. గచ్చు మీద, పలకల మీద నాణెంతో తట్టినప్పుడు డొల్లగా మోగితే లోపల పట్టు విడిచిందని అర్థం. చూసిన ప్రతి లోపాన్నీ గది పేరుతో రాసి, ఫొటో తీసి ఉంచండి. ఈ పుస్తకం చివరిదాకా పనికివస్తుంది.

మిద్దె, గోడల చెమ్మ: అన్నిటికంటే ముందు చేయవలసిన పని

మిద్దె మీద పాత సామాన్లు, విరిగిన కుండీలు, మిగిలిపోయిన ఇసుక ఉంటే అన్నిటినీ దించివేయండి. వాననీటి గొట్టాల నోళ్లలో ఎండుటాకులు, సిమెంటు పెళ్లలు అడ్డుపడి ఉంటే, కప్పు కారడానికి సగం కారణం అక్కడే దొరుకుతుంది. మిద్దె మీద నీరు గొట్టం వైపు పోయేలా పది అడుగులకు అంగుళానికి కొంచెం పైగా వాటం ఉండాలి. వాన వెలిసిన మరునాడు కూడా నీరు మడుగుగా నిలిచిన చోటును సుద్దతో గీసి గుర్తు పెట్టుకోండి.

స్లాబు ఎక్కడ కారుతున్నదో తేలకపోతే, గొట్టాల నోళ్లు గుడ్డతో మూసి, రెండంగుళాల లోతున నీరు నింపి, ఒక పగలు, ఒక రాత్రి నిలిపి కింద కప్పును గమనించాలి. ఈ పరీక్ష కాంక్రీటు స్లాబుకు మాత్రమే. పాత చిత్తూరు, తిరుపతి వీధుల్లో దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన మద్రాసు మిద్దెలు ఇంకా ఉన్నాయి, వాటి మీద నీరు నింపకూడదు.

కారేది చాలావరకు స్లాబు నడిమధ్యలో కాక, పిట్టగోడ స్లాబును కలిసే మూలలోనూ, గొట్టాలు దిగే చోటా, నీళ్ల ట్యాంకు దిమ్మె చుట్టూ ఉంటుంది. ఆ మూలలో పట్టు విడిచిన సిమెంటును చెక్కివేసి, వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపిన సిమెంటుతో మూలను గుండ్రంగా తీయించాలి. ఆ తరువాత మిద్దెనంతా గట్టి బ్రష్షుతో రుద్ది పాచి వదిలించి, పూర్తిగా ఎండనిచ్చి, పగుళ్లు పూరించి, వాటర్‌ప్రూఫ్ పూతను రెండు కోట్లు వేయించాలి. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. మూలల్లో రెండు కోట్ల మధ్య ఫైబర్ మెష్ పరిస్తే ఎండకు స్లాబు వ్యాకోచించినప్పుడు పూత చీలదు. మన ఎండలకు తెల్లటి పూత మేలు, ఎందుకంటే అది కింది గదుల వేడిని కూడా కొంత తగ్గిస్తుంది. తడి స్లాబు మీద, మబ్బు పట్టిన రోజున ఈ పని చేయిస్తామనే మేస్త్రిని ఒప్పుకోకండి.

గోడ చెమ్మకు మందు వేసే ముందు అది ఎక్కడిదో తెలియాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచండి. కాగితానికి గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే తేమ గోడలోపలి నుంచి వస్తున్నదని, గది వైపు కనిపిస్తే అది గాలిలోని తేమేనని, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తగ్గుతుందని తెలుసుకోవచ్చు. చెమ్మ పైనుంచి కిందికి దిగుతుంటే మిద్దెను, బాత్రూము గోడకు మచ్చలా ఉంటే పైపును, నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పాకి ఉంటే పునాదిని అనుమానించాలి. రోడ్డు మీద రోడ్డు వేసి వీధులు ఎత్తయిన కాలనీల్లో పాత ఇళ్లు పల్లంలో పడిపోయి, గోడ మొదళ్లకు నీరు చేరుతున్నది. గోడకు ఆనుకుని మట్టి పోసి మొక్కలు పెంచినా అదే జరుగుతుంది. ముందు ఆ మట్టిని తీసివేసి, నీరు బయటికి పోయే దారి చేయాలి.

గోడకు ఉప్పు పూసి తెల్లగా రాలుతుంటే తడిగుడ్డతో తుడవవద్దు. నీటితో ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది కాబట్టి పొడి బ్రష్షుతో రుద్ది ఎత్తివేయాలి. గార కుళ్లిపోయిన చోట ఇటుక కనిపించేదాకా చెక్కి, కొన్నాళ్లు ఆరనిచ్చి, కొత్త గార పూయించి, 7 రోజులు నీళ్లు చల్లి తడపాలి. గార పూసిన నాటి నుంచి నాలుగు వారాలు గడవందే దాని మీద రంగు వేయకూడదు. అమ్మేవారు తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే.

పగుళ్లన్నీ ఒకటి కావు. వెంట్రుక మందాన ఉన్నవి గార పగుళ్లు మాత్రమే, పుట్టీతో పోతాయి. దూలానికి, గోడకు మధ్య అడ్డంగా వచ్చిన పగులును వి ఆకారంలో కాస్త వెడల్పు చేసి, పాలిమర్ కలిపిన మిశ్రమంతో పూరించి, పైన మెష్ వేసి గార పూయాలి. 3 మిల్లీమీటర్ల కంటే వెడల్పయి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు గానీ, నెలనెలా పెరుగుతున్న పగులు గానీ ఉంటే మేస్త్రితో సరిపెట్టకుండా సివిల్ ఇంజనీరుకు చూపించాలి. ఆయన రాసి ఇచ్చిన కాగితాన్ని కొనేవారికి చూపించగలిగితే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

నీళ్లు, సంపు, కొళాయిలు

సెకనుకు ఒక బొట్టు చొప్పున కారే కొళాయి రోజుకు నాలుగు లీటర్లకు పైగా వృథా చేస్తుంది. కొనేవారికి అంతకంటే ఎక్కువగా తోచేది, యజమానికి ఇల్లంటే శ్రద్ధ లేదన్న సంగతి. వాషరో, కార్ట్రిడ్జో మారిస్తే పోయే పని ఇది. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి కొళాయిల మీద, షవరు రంధ్రాల్లో తెల్లటి పొక్కు కడుతుంది. వెనిగరులో గానీ, గోరువెచ్చని నీటిలో కలిపిన నిమ్మ ఉప్పులో గానీ తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచి రుద్దితే అది వదులుతుంది. బాత్రూము పలకల సందుల్లో సిమెంటు ఊడినచోట కొత్త గ్రౌటు నింపించండి. అవతలి గోడ చెమ్మకు తరచుగా కారణం అదే.

సంపును, పైన ట్యాంకును కడిగించి తేదీని దాని మీద రాయించండి. అయితే వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చి ఉన్నప్పుడు సంపును పూర్తిగా ఖాళీ చేయించవద్దు. 2021 నవంబరు వరదల సమయంలో తిరుపతి ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు రింగులతో కట్టిన సంపు, లోపల శుభ్రం చేస్తుండగా భూమి పైకి లేచి నిలిచిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. చుట్టూ నేలలో నీరు నిండి, తొట్టి లోపల ఖాళీ అయినప్పుడు అది పడవలా పైకి తేలుతుంది. ఆ పనిని వేసవికి దగ్గరలో పెట్టుకోవడం క్షేమం.

ఆ వరదల తరువాత తిరుపతిలో ఇల్లు చూసేవారు ‘ఇక్కడి దాకా నీళ్లు వచ్చాయా’ అని తప్పకుండా అడుగుతున్నారు. వచ్చి ఉంటే ఎంత ఎత్తు వచ్చాయో, ఆ తరువాత గడప ఎత్తు పెంచడం, కాలువ బాగుచేయించడం వంటివి ఏమి చేయించారో చూపించి చెప్పండి.

కరెంటు

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే జరగాలి. పగిలిన స్విచ్చుబోర్డులు, వేలాడే వైర్లు, పాత ఫ్యూజు కట్టలు మార్పించి, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీలు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టిస్తే ఖర్చు కొద్దిదే, భద్రత మాత్రం పెద్దది. ఆర్‌సీసీబీ మీద ఉన్న పరీక్ష బటన్ నొక్కి అది పడిపోతున్నదో లేదో కొనేవారి ముందే చూపించవచ్చు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా కొలిపించి చూడండి. గదుల్లో మసకబారిన ట్యూబులైట్ల స్థానంలో ఒకే ఛాయ వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీలు పెట్టండి. ఒక గదిలో పసుపు, ఇంకొక గదిలో తెలుపు ఉంటే ఇల్లు ముక్కలుగా కనిపిస్తుంది.

తలుపులు, చెదలు, నేల

వీధి వాకిలి టేకుదైతే దానికి ఎనామెల్ రంగు వేయించకండి. పాత పాలిష్‌ను ఉప్పు కాగితంతో గీకి, మళ్లీ పాలిష్ పట్టిస్తే చెక్క నార కనిపించి వాకిలికి కళ వస్తుంది. గడప పసుపుకుంకుమలతో నిండుగా ఉండటం మన ఇళ్లకు సహజమే గానీ, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డును ముందు వదిలించి కొత్తగా పూయాలి. వానకు ఉబ్బి పట్టేసే తలుపులను వానల్లోనే చిత్రిక పట్టించకూడదు, ఎండాకాలానికి అవి కుంచించుకుపోయి సందు పడుతుంది.

ద్వారబంధం మొదట, అటకల మీద, మెట్ల కింద మట్టి గీతలు కనిపిస్తే చెదలు ఉన్నట్లే. గీతను గీకివేసినంత మాత్రాన అవి పోవు. గోడ, నేల కలిసే వెంబడి అడుగుకొక రంధ్రం చేసి మందు ఎక్కించే మనుషులను పిలిపించి, వారిచ్చే గ్యారంటీ కాగితాన్ని దాచండి.

నేల విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. పాత మొజాయిక్ నేలను, ఎర్ర గచ్చును పగలగొట్టి కొత్త పలకలు వేయించి అమ్మడం దండగ. మొజాయిక్‌కు మిషను పాలిష్ పట్టిస్తే ముప్ఫై ఏళ్లనాటి నేల కూడా మెరుస్తుంది, కాళ్లకు చల్లగానూ ఉంటుంది. నాకు తెలిసినవారు కొందరు ఆ చల్లదనం చూసే ఇల్లు ఇష్టపడ్డారు. మరకలు పోవాలని మొజాయిక్ మీద గానీ, పాలరాయి మీద గానీ, కడప బండల మీద గానీ యాసిడ్ పోయకండి. అవి సున్నపురాయి జాతివి కాబట్టి యాసిడ్ తగిలితే నునుపు పోయి శాశ్వతంగా గరుకుబారతాయి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును కలిపితే విషవాయువు పుడుతుంది కనుక బాత్రూములు కడిగే పనివారికి ఈ మాట ముందే చెప్పాలి.

ఇప్పుడు రంగులు

పైన చెప్పినవన్నీ పూర్తయి, గోడలు ఆరిన తరువాతే పెయింటరును పిలవాలి. లెక్క మీకు తెలిసి ఉంటే బేరంలో మోసపోరు. పది అడుగులు, పన్నెండు అడుగులు కొలతలుగా, పది అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలు 440 చదరపు అడుగులు, కప్పు 120, మొత్తం 560. తలుపుకు 21, కిటికీకి 16 తీసివేస్తే 523 చదరపు అడుగుల పని. డబ్బా మీద లీటరుకు ఎంత విస్తీర్ణమో రాసి ఉంటుంది, దాన్ని రెండు కోట్లకు లెక్కగట్టి సరుకు మీరే తెప్పించండి.

పాత పొట్టు గీకడం, పుట్టీ, ఉప్పు కాగితం రుద్దడం, ప్రైమరు, ఆ పైన రెండు కోట్ల ఎమల్షన్, ఇదీ వరుస. పనివారు కాలం కలిసివస్తుందని వదిలేసేది ప్రైమరునే, కాబట్టి ఆ రోజు దగ్గర ఉండండి. రంగు లేతగా ఉండాలి. ఒక్కో గదికి ఒక్కో ముదురు రంగు మీకు ముచ్చటగా ఉండవచ్చు గానీ, కొనేవారు తమ సామాను ఆ గదిలో ఊహించుకోవాలంటే పాలమీగడ తెలుపు, లేత గంధపు రంగు వంటివే అనుకూలం. కప్పుకు తెలుపు తప్ప మరొకటి వద్దు. బయట గోడలకు బయటి ఎమల్షనే వాడాలి, లోపలిది మిగిలిందని వేస్తే ఒక్క వానాకాలానికి పోతుంది. ఇల్లు చూపించడానికి పది రోజుల ముందే రంగు పని ముగిస్తే వాసన ఉండదు. కొత్త రంగు ఘాటుగా వాసన వేస్తుంటే ఏదో దాస్తున్నారన్న అనుమానం సహజంగా వస్తుంది.

గేటుకు, కిటికీ ఊచలకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి, ఆపై ఎనామెల్ వేయించండి. ప్రహరీ గోడ మీద పాత ప్రకటనల రాతలు, పోస్టరు ముక్కలు ఉంటే గీకివేసి ఒక కోటు వేస్తే పోతాయి. కొండ కింద కాలనీల్లో కోతుల బెడద ఉంటుంది కనుక, కిటికీ మెష్ చిరిగి ఉంటే మార్పించడం కొనేవారికి కనిపించే మేలు.

చేయించకూడనివి

మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, ఖరీదైన శానిటరీ సామాను అమ్మకానికి ముందు పెట్టించకండి. వాటికి పెట్టినంత డబ్బు ధరలో తిరిగి రావడం అరుదు, కొనేవారి అభిరుచి వేరుగా ఉంటే వాటిని పీకివేయవలసిన ఖర్చు కూడా వారు లెక్కవేస్తారు. వాస్తు కోసం గోడలు పడగొట్టడం, మెట్లు మార్చడం కూడా వద్దు. ఒక సిద్ధాంతి చెప్పినది మరొక సిద్ధాంతి కాదనవచ్చు. ఈశాన్యంలో చెత్త, పాత సామాను, చెప్పుల స్టాండు లేకుండా ఖాళీ చేసి శుభ్రంగా ఉంచితే, దాదాపు అందరూ మొదట చూసే మూల చక్కబడినట్లే.

కాగితాలు, బిల్లులు

మరమ్మతులు జరుగుతుండగానే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు (ఇల్లు ఇదివరకు చేతులు మారిన పాత పత్రాలు), తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేదా నగరపాలక సంస్థ ఆమోదించిన ప్లాను, ఇంటిపన్ను, నీటిపన్ను, కరెంటు బిల్లుల రసీదులు ఒక ఫైలులో పెట్టండి. పనుల బిల్లులు కూడా విడిగా దాచండి. కొత్త గది, బోరు, ప్రహరీ గోడ వంటి శాశ్వతమైన అభివృద్ధికి పెట్టిన ఖర్చును మూలధన లాభం లెక్కలో చూపవచ్చు గానీ, రంగులు, మామూలు మరమ్మతులు అందులో చేరవు. రెండేళ్లకు మించి మీ పేరున ఉన్న ఇంటిని అమ్మితే వచ్చే లాభం మీద 2024 జూలై 23 నుంచి 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందే కొన్న ఇల్లయితే, ఇక్కడ నివసించే వ్యక్తులకు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం పద్ధతిలో లెక్క వేసుకునే వీలు కూడా ఉంది. ఏది మేలో ఆడిటరు చేత లెక్క వేయించుకోవాలి.

చూపించే రోజు

వచ్చేవారిని ఉదయం 9 నుంచి 11 మధ్య రమ్మనండి. వెలుతురు బాగుంటుంది, వేసవిలోనైతే అప్పటికి ఇంకా వేడి ముదరదు. ముందురోజే బీరువాల మీది అట్టపెట్టెలు, తలుపుల వెనుక వేలాడే బట్టలు, అటకల మీది పాత సామాను తీసివేయండి. సగం సామాను బంధువుల ఇంటికి పంపగలిగితే గదులు పెద్దవిగా కనిపిస్తాయి. వాకిట నీళ్లు చల్లి ముగ్గు వేయండి. వంటింట్లో సింకు ఖాళీగా, పొడిగా ఉండాలి. అన్ని గదులూ చూపించిన తరువాత మిద్దె మీదికి తీసుకువెళ్లండి. బట్టల తీగలు తీసివేసి, ఊడ్చిపెట్టిన మిద్దె మీద నుంచి శేషాచలం కొండలు కనిపించే ఇల్లయితే, కొనేవారిని అక్కడ కొంతసేపు తమ మానాన తాము మాట్లాడుకోనివ్వండి.

మొదట్లో రాసుకున్న నోటుపుస్తకాన్ని, మరమ్మతుకు ముందు, తరువాత తీసిన ఫొటోలను వారి చేతికే ఇవ్వండి. ఏ లోపం ఎప్పుడు బయటపడింది, ఎవరు ఎలా బాగుచేశారు, ఇంకా చేయించవలసినది ఏమున్నది అన్నవన్నీ అందులో ఉంటాయి. బేరం కుదిరితే, మిగిలిన రంగు డబ్బాలను వాటి ఛాయ నంబర్లతోనూ, మిగిలిన పలకలను ఏ గదివో రాసిన చీటీలతోనూ మెట్ల కింద పెట్టి వెళ్లండి.